పల్లెదీప సంస్థలో దీపం కొండెక్కిన విధంబు

మా ఎండీ గారు ఏదో చల్లని ఊళ్ళో జరిగిన సానుకూల ఆలోచనల శిబిరానికి వెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు ఒక శాలువా, ఒక ఉత్తర్వు పట్టుకొచ్చారు. శాలువా ఆయన కప్పుకున్నారు. ఉత్తర్వు మాకు కప్పారు.

"సంస్థకు సంబంధించిన నివేదికలందును, సమావేశములందును, ఫోను సంభాషణలందును ప్రతికూల పదములు వాడరాదు. పోయింది, కాలింది, తెగింది, పడింది, ఆగింది, లేదు, కాదు మొదలగునవి నిషిద్ధము" అని అందులో ఉంది. 'వాడరాదు', 'నిషిద్ధము' అన్నవి కూడా ప్రతికూల పదాలే కదా అని పైవాళ్ళలో ఎవరికో తట్టినట్టుంది. మర్నాడే సవరణ వచ్చింది: "పై పదములకు దూరముగా విహరించుట అభినందనీయము." దూరంగా విహరించనివారిని మాత్రం మన్యం అవతలి సబ్‌స్టేషన్లకి బదిలీ చేస్తారని నోటిమాటగా తెలిసింది.

మాది రాష్ట్ర పల్లెదీప సంస్థ. పల్లెలకి కరెంటు ఇవ్వడం, అది పోతే మళ్ళీ తెప్పించడం మా పని. కొండల పక్క జిల్లా కాబట్టి మా ఆఫీసులో ఇవ్వడం తక్కువ, పోవడం ఎక్కువ. గట్టిగా గాలి వీచిందంటే స్తంభాలు పడతాయి, తీగలు తెగుతాయి, ట్రాన్స్‌ఫార్మర్లు కాలతాయి. పొద్దున్న వచ్చి కూర్చుంటే సాయంత్రం దాకా 'పోయింది' అని రాసుకోవడమే మా వృత్తి. ఆ మాట తీసేస్తే మా దగ్గర మిగిలేది పెన్ను.

జిల్లాకంతటికీ పెద్ద ఇంజినీరు అయిన ఎస్.ఈ. గారు మమ్మల్నందర్నీ సమావేశపరిచారు.

"మిత్రులారా, సమస్య లేదు" అని మొదలుపెట్టి, 'లేదు' అన్నందుకు నాలిక కరుచుకుని, "సమస్య అనునది అవకాశముగా రూపాంతరము చెందియున్నది. నిన్నటి గాలికి గెడ్డవాగు ఆవలి గ్రామములందు మన స్తంభములు..." అని ఆగిపోయారు. స్తంభాలు ఏమయ్యాయో అందరికీ తెలుసు. చెప్పడానికే మాట లేదు. ఒక ఇంజినీరు "విశ్రమించాయండి" అన్నాడు. ఎప్పటికి లేస్తాయని అడుగుతారేమోనని ఎస్.ఈ. గారు దానికి ఒప్పుకోలేదు.

అప్పుడు నేను లేచి నిలబడ్డాను.

నా పేరు దాలినాయుడు. జూనియర్ అసిస్టెంటుని. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి, అదీ తెలుగు ప్రధానాంశంగా. "మావోడు తెలుగు పాసైనాడు" అని మా నాన్న ఊరంతా చెప్పుకుంటే, "మరి ఇన్నాళ్ళూ ఏ బాసలో మాటాడినాడు?" అని అడిగారట. కరెంటాఫీసులో తెలుగు చదివినవాడంటే వానాకాలంలో విసనకర్ర. పరీక్ష రాశాను, ఉద్యోగం వచ్చింది, కూర్చున్నాను. నేను చదివిన చదువు ఒక్కసారైనా సంస్థకి ఉపయోగపడాలని మాత్రం మనసులో ఉండేది. ఉపయోగపడింది.

"అయ్యా, మన పెద్దవాళ్ళు చెడ్డమాట నోట రానిచ్చేవాళ్ళు కాదండి" అన్నాను. "మా మామ్మ దీపం ఆరిపోతే కొండెక్కింది అనేది. బియ్యం అయిపోతే నిండుకున్నాయి అనేది. పుస్తెలతాడు తెగితే పెరిగింది అనేది. ఎక్కడికైనా వెళ్తూ వెళ్తానని అనేది కాదు, వెళ్ళొస్తాననేది."

ఎస్.ఈ. గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇంతటి సాంస్కృతిక సంపద మన కార్యాలయమునందు జూనియర్ అసిస్టెంటు రూపమున గుప్తముగా నుండెనా" అన్నారు. మా మామ్మకి వేలిముద్రే గతి. ఆమె మాటలు ఒక పెద్ద ఇంజినీరు చేత కళ్ళద్దాలు తుడిపించాయని నాకు ఛాతీ ఉబ్బింది. సాయంత్రానికల్లా నన్ను శుభపద సమన్వయాధికారిగా నియమించి, తిరిగే కుర్చీ ఒకటి ఇచ్చారు. కాసేపు అటూ ఇటూ తిరిగి చూశాను. బాగానే తిరిగింది.

ఆ కుర్చీలో కూర్చుని శుభపదకోశం తయారుచేశాను. తీగ తెగితే 'పెరిగింది'. ట్రాన్స్‌ఫార్మర్లో నూనె అయిపోతే 'నిండుకుంది'. స్తంభం పడితే 'భూమాతకు మొక్కింది'. కరెంటు పోతే 'వెళ్ళొస్తానంది'. ట్రాన్స్‌ఫార్మరు కాలి ఊరు ఊరంతా చీకటైతే 'దీపం కొండెక్కింది'. మా లైన్‌మన్ గవరయ్యకి ఓసారి స్తంభం మీద షాక్ కొట్టింది. అదృష్టవశాత్తూ బతికాడు గానీ, నేను నివేదికలో 'పులకించెను' అని రాశానని తెలిసి వారం పాటు నాతో మాట్లాడలేదు. ఊళ్ళ పేర్లు, కొండల పేర్లు కూడా వదల్లేదు. బోడికొండ అన్న పేరు మంగళకరంగా లేదని దాన్ని నిండుకొండగా మార్చాను.

అప్పటిదాకా సంతోషం. తర్వాత మహాసంతోషం.

మా నివేదికలు హెడ్డాఫీసుకి వెళ్ళేవి. అక్కడ వాటిని కూడేవాళ్ళు కూడికలు చేసేవాళ్ళే గానీ చదివేవాళ్ళు కారు. ఆ నెల పెనుగాలి ఒకటి వచ్చి మా జిల్లాలో కనబడిన తీగనల్లా తెంపింది. హెడ్డాఫీసు లెక్కల్లో రాష్ట్రం మొత్తం మీద లైన్లు అత్యధికంగా పెరిగిన జిల్లా మాదే అయింది. ట్రాన్స్‌ఫార్మర్ నూనె అన్నిచోట్లా నిండుకున్నదని చూసి, అంత నిండుగా ఉన్నవాళ్ళకి మళ్ళీ ఎందుకని మాకు రావలసిన పీపాలు పక్క జిల్లాకి పంపేశారు. ఎస్.ఈ. గారికి జ్ఞాపిక ఇచ్చారు. ఆయన దాన్ని నాకు చూపించి, నేను ముట్టుకోబోతే వెనక్కి తీసుకున్నారు.

తవిటమ్మ మా ఆఫీసుకి వచ్చింది సరిగ్గా ఆ వైభవకాలంలోనే.

ఆమెది కూర్మన్నవలస, బోడికొండ కింది ఊరు. ఊరి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. చీకట్లో అన్నం తినడం వాళ్ళకి అలవాటే గానీ, బోరు మోటార్లు ఆగిపోయాయి. తవిటమ్మకి ఉన్నది ఎకరంన్నర వరి. అది పొట్ట మీద ఉంది. ఆ అదనులో తడి అందకపోతే వెన్ను బయటికొస్తుంది గానీ గింజ పాలు పోసుకోదు, తాలైపోతుంది. ఆ వరే ఆమె ఇంటికి ఏడాది కూడు.

"బాబూ, మా ట్రాన్స్‌ఫారం కాలిపోనాది. సేను పొట్టమీదున్నాది. బేగి కొత్తదేస్తే గింజ దక్కుద్ది, నేపోతే గడ్డే" అంది.

నేను కుర్చీని ఆమె వైపు తిప్పి, కాలిపోయిందని అనకూడదని మెత్తగా చెప్పాను. మరేమనాలని అడిగింది. దీపం కొండెక్కిందనాలన్నాను.

"ఆ మాట మా ఇంట్లో దీపానికంటాం బాబూ. కొండెక్కితే మళ్ళీ నూనె పోసి ఎలిగిత్తాం. మీరు ఎలిగిత్తారా మరి?"

"వెలిగిస్తామమ్మా. నాదీ పూచీ" అన్నాను. నాకు అప్పటికి నా కోశం మీద అంత నమ్మకం.

రాసుకున్నాను: 'కూర్మన్నవలస, నిండుకొండ వద్ద: దీపము కొండెక్కినది. గ్రామమున పంట గర్భశోభతో విలసిల్లుచున్నది.' చివర ఆమె పేరు అడిగాను. తవిటమ్మ అంది. కలం ఆగింది. తవుడు శుభపదం కాదేమో, వేరే పేరేమైనా ఉందా అని అడిగాను. ఆమె నవ్వింది.

"నాకు ముందు పుట్టినోలెవులూ దక్కనేదు. నాను పుట్టగానే తవుడికి అమ్మేసి, మళ్ళీ తవుడెట్టి కొనుక్కున్నారు. తవిటి మొకాన్ని సావు గూడా సూడదంట. మా తమ్ముడు పెంటయ్య. ఇద్దరం గుండ్రాయిల్లా ఉన్నాం సూడు. బతకాలనుకున్నోటికి సెడ్డ పేరెడతాం మావు. మీరేమో కాలిపోనోటికి మంచి పేరెడతన్నారు. ఎలా బతుకుద్ది బాబూ అది?"

ఈ విషయం మీద మంచి పరిశోధన వ్యాసం రాయవచ్చని నాకు వెంటనే తోచింది. నా చదువు నన్ను అంతవరకే తీసుకెళ్ళింది. ఆమె లేచి, "ఎల్లొత్తాను" అని వెళ్ళింది.

కొత్త ట్రాన్స్‌ఫార్మరు రాలేదు. హెడ్డాఫీసు నుంచి ఫోను వచ్చింది.

కొండ మీది గూడేలకి కరెంటు ఇవ్వాలన్నది సంస్థకి ఏళ్ళ తరబడి తీరని లక్ష్యమట. రాష్ట్రమంతా వెతికినా ఒక్క కొండ మీదా దీపం లేదట. అలాంటిది మారుమూల కూర్మన్నవలసలో, నిండుకొండ మీదికి, ఎవరూ అడక్కుండానే దీపం ఎక్కిందని చదివి ఎండీ గారు పొంగిపోయారట. ఆ కొండ, ఆ దీపం, గర్భశోభతో విలసిల్లే ఆ పంట కళ్ళారా చూడడానికి స్వయంగా వస్తున్నారట.

ఎస్.ఈ. గారు నన్ను పిలిచారు. కొండ మీద దీపం ఉందా అని అడిగారు. అది జాతీయమండి అన్నాను.

"జాతీయమని నాకూ తెలుసునయ్యా. మా అమ్మమ్మ కూడా తెలుగులోనే పోయింది" అన్నారు. గదిలో మేమిద్దరమే ఉన్నాం కాబట్టి ఆ మాట వాడేశారు. "ఇప్పుడు ఆ సంగతి ఎండీ గారికి ఏ పదములతో విన్నవించుట?"

కూర్చుని ప్రయత్నించాం. 'కొండపై దీపము లేదు' అనడానికి లేదు. 'మీరు పొరబడ్డారు' అనడానికి అసలే లేదు. చివరికి నా తెలుగంతా ఉపయోగించి "కొండపై దీపము భవిష్యత్తునందు ఉన్నది" అని రాసి పంపాం. గంటలో జవాబొచ్చింది: "భవిష్యత్తు అనగా శుక్రవారమే గదా. వచ్చుచున్నాను."

నిజం చెప్పడానికి మాట దొరకనప్పుడు, ఉన్న మాటని నిజం చెయ్యడం ఒక్కటే దారి. కొండ మీదికి దీపం ఎక్కించాలని ఎస్.ఈ. గారు నిర్ణయించారు. బోడికొండ మీద మనిషి కాదు కదా, మేక కూడా ఉండదని నేను మనవి చేశాను. అలాగైతే ఫిర్యాదులు కూడా ఉండవని ఆయన సంతోషించారు.

ఆ ట్రాన్స్‌ఫార్మరేదో కిందనే ఊరికి వేస్తే బాగుంటుందేమోనని అన్నాను. తవిటమ్మకి నేనిచ్చిన పూచీ అప్పుడప్పుడూ గుర్తొస్తోంది.

"రికార్డుల ప్రకారము ఆ గ్రామమున వెలుగు కొండెక్కునంతటి పుష్కలముగా నున్నది. పుష్కలముగా ఉన్నచోట మరల ఇచ్చినచో ఆడిట్ వారు ఏమందురు?" అని అడిగారు ఎస్.ఈ. గారు. ఏమంటారో నాకు తెలుసు. 'కొండెక్కినది' అని రాసింది నేనే.

ఎన్నడూ లేనిది, స్టోర్సు తలుపులు తెరుచుకున్నాయి. స్తంభాలొచ్చాయి, తీగలొచ్చాయి, రంగు కూడా ఆరని ట్రాన్స్‌ఫార్మరు వచ్చింది. లారీ కూర్మన్నవలస చేలగట్ల దాకా వచ్చి ఆగింది. కొండకి దారి లేదు. ట్రాన్స్‌ఫార్మర్ని పైకి మొయ్యడానికి ఊరి మగవాళ్ళనే కూలికి పెట్టుకున్నాం. బొంగులకి మోకులు కట్టి, "ఐసా" అంటూ ఆ ఇనుప గంగాళాన్ని వాళ్ళు పైకెక్కిస్తుంటే, ముందు బొంగు పట్టినవాడు తవిటమ్మ తమ్ముడు పెంటయ్య. కొత్త లైను సరిగ్గా తవిటమ్మ చేను మీదుగా వెళ్ళింది. తీగల నీడ వరి మీద పడుతోంది. కింద మడి బీటలు తీస్తోంది.

ఆమె గట్టు మీద నిలబడి ఉంది. తప్పించుకుని వెళ్ళబోయాను గానీ గట్టు ఒక్కటే.

"బాబూ, దీపం ఎలిగిత్తానన్నావు. కొండ మీదెవులున్నారు?"

"ఎవరూ లేరమ్మా" అన్నాను. ఉత్తర్వు వచ్చాక 'లేరు' అనడం అదే మొదలు. నోటికి హాయిగా ఉంది.

"మరెవులికిది?"

"ఎండీ గారికి."

ఆమె తిట్టలేదు. వంగి ఒక వెన్ను తుంచి నా చేతిలో పెట్టింది. "ఎన్ను తీసినాది. నోరు తెరుసుకోని సూత్తన్నాది" అంది. పచ్చటి గింజని నొక్కి చూశాను. పాలు లేవు. దానికి నా కోశంలో మాట ఉంది, 'నిండుకున్నవి'. రాయబుద్ధి కాలేదు.

శుక్రవారం ఎండీ గారు వచ్చారు. శాలువాతోనే కొండెక్కారు. పైన షామియానా, దాని ముందు స్తంభం, స్తంభానికి ఒక బల్బు. దాని చుట్టూ కనుచూపు మేర రాళ్ళు. స్విచ్చి నొక్కే ముందు జ్యోతి ప్రజ్వలన. ప్రజల భాగస్వామ్యం ఉండాలని పళ్ళెం పట్టుకోవడానికి తవిటమ్మని పిలిచారు. ఆమె పేరు ఆహ్వానపత్రంలో 'శ్రీమతి తేజోవతి' అని వేయించింది నేనే.

ఎండీ గారు వత్తి వెలిగించారు. అది బోడికొండ. గాలికి అడ్డేముంది? ఒక్క విసురుకి దీపం ఆరిపోయింది.

పొగ లేచింది. దీపం ఏమయిందో చెప్పాలి గదా, ఆయనేమో వెలగని దీపానికి దణ్ణం పెడుతూ అలాగే ఉన్నారు. ఎస్.ఈ. గారు నా వైపు చూశారు. నేను ఆకాశం వైపు చూశాను. అప్పుడు తవిటమ్మ, పక్కింటివాళ్ళకి చెప్పినట్టు మామూలుగా అంది:

"దీపం కొండెక్కినాది బాబూ."

ఎండీ గారి ముఖం విప్పారింది. "విన్నారా" అన్నారు అందరి వైపూ తిరిగి. "మనము పలుకలేదు. ప్రజలే స్వచ్ఛందముగా పలుకుచున్నారు." చప్పట్లు మోగాయి. ఆయన స్విచ్చి నొక్కారు. మిట్టమధ్యాహ్నం ఎండలో, మనుషుల్లేని కొండ మీద బల్బు వెలిగింది. వెలిగిందో లేదో దగ్గరికెళ్ళి చూస్తే గానీ తెలియలేదు.

కార్లు వెళ్ళిపోయాయి. షామియానా అప్పగించేదాకా చూసుకోమని నన్ను, లైన్‌మన్ గవరయ్యని అక్కడ ఉంచారు. పెంటయ్య, మోసిన మగవాళ్ళు కూడా కదల్లేదు. బొంగులు, మోకులు రాళ్ళ చాటున ఉన్నాయి. ఉదయమే ఎందుకు పట్టుకెళ్ళలేదో నాకప్పుడర్థమైంది.

తవిటమ్మ ఖాళీ పళ్ళెం నా చేతికిచ్చి అడిగింది. "దీపం కొండెక్కితే దించి ఎలిగించుకోడం తప్పా బాబూ?"

ఏం చెప్పాలి? నేను నిబంధనలకి కట్టుబడే మనిషిని. నాలుగు మెతుకులు నిబంధనల వల్లే తింటున్నాను. కాబట్టి నిబంధన గుర్తుతెచ్చుకున్నాను. పోయింది, కాలింది, తెగింది, పడింది, ఆగింది, లేదు, కాదు. ఎంత వెతికినా 'దిగింది' అందులో లేదు.

"తప్పు కాదమ్మా" అన్నాను. ఆ రోజు నా నోటికి పట్టపగ్గాల్లేవు.

గవరయ్య సబ్‌స్టేషనుకి ఫోను చేసి, లైనుకి కాస్త విశ్రాంతి ఇవ్వమన్నాడు. అవతలివాళ్ళకి అర్థమయింది. స్తంభం ఎక్కుతూ నాతో, "మీరటు తిరిగి నిలబడండి సార్. ఏటి రాయాలో ఆలోచించుకోండి. మళ్ళీ పులకించానని మాత్రం రాయొద్దు" అన్నాడు. అటు తిరిగాను. వెనక "ఐసా" వినిపించింది. ఎక్కేటప్పటి ఐసా కంటే ఇది గట్టిగా ఉంది.

పొద్దు గూకకముందే కొత్త ట్రాన్స్‌ఫార్మరు ఊరి చివర పాత గద్దె మీద కూర్చుంది. గవరయ్య తీగలు కలిపాడు. అది ఒకసారి మూలిగి, గుయ్యిమంది. బోరు మోటారు దగ్గి, ముందు ఎర్రనీళ్ళు కక్కి, తర్వాత తెల్లటి ధార పోసింది. తవిటమ్మ మడి గండి తీసి, నీళ్ళతో పాటు చేలోకి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. నాకు కృతజ్ఞతలు చెప్తుందేమోనని కాసేపు నిలబడ్డాను. గట్టు తడిసి, నా బూట్లు తడిశాయి. వచ్చేశాను.

మర్నాడు తిరిగే కుర్చీలో కూర్చుని, ఆ ఉద్యోగంలో మొదటిసారి, అలంకారం లేకుండా ఒక శుభవార్త రాశాను: 'కూర్మన్నవలస: దీపం కొండ దిగింది.'

ఇన్ని నెలల్లో నా నివేదికని ఎవరో మొదటిసారి కూడకుండా చదివారు. మెమో వచ్చింది. "ఎక్కుట అభివృద్ధి. దిగుట పతనము. ఘనముగా కొండెక్కిన దీపమును దిగినదని రాయుట ద్వారా తాము ప్రతికూలతను వ్యాపింపజేసినారు." దాంతోపాటే మరో సవరణ వచ్చింది. 'దిగింది' ఇప్పుడు నిషిద్ధ పదాల్లో ఉంది. మా ఆఫీసులో బస్సు దిగినవాళ్ళు 'నేలకెక్కాం' అంటున్నారు.

శుభపద సమన్వయం వేరొకరికి అప్పగించారు. తిరిగే కుర్చీ కూడా వెళ్ళొస్తానంది. పాత చెక్కకుర్చీ నాకోసం అక్కడే ఉంది. రికార్డుల్లో నిండుకొండ మీద ఈనాటికీ దీపం వెలుగుతోంది. దాన్ని చూడడానికి మళ్ళీ ఎవరూ రాలేదు కాబట్టి కూర్మన్నవలసలోనూ వెలుగుతోంది.

కోతలయ్యాక ఓ ఆదివారం అటు వెళ్ళాను. తవిటమ్మ కళ్ళంలో తూర్పారబడుతోంది. మెరక మడి తాలైపోయిందని, పల్లపు మడి దక్కిందని చెప్పింది. దక్కిన గింజ కుప్పగా పోసి ఉంది. కూడుకి సరిపోతాయా అని అడిగాను. సరిపెట్టుకుంటాం అంది. ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి తీసుకెళ్ళి చూపించింది. దానికి మసి బొట్లు పెట్టి, పాత చెప్పు ఒకటి వేలాడగట్టారు. మీద సుద్దముక్కతో, వంకర అక్షరాలతో 'చెత్తయ్య' అని రాసి ఉంది.

"మా పెంటడికి తమ్ముడు" అంది తవిటమ్మ. "పేరెట్టినకాడ్నించి ఒక్కనాడు ఆగనేదు."

అప్పట్నించీ నేను కూడా జాగ్రత్తపడుతున్నాను. ఉద్యోగం ఎలా ఉందని ఎవరడిగినా, ఏడిసినట్టుందని చెబుతున్నాను. ఇంతవరకూ ఊడలేదు.